అందిందక్కా

పోయిన వారం భాగంలో నీలావతిని హిందూపురం స్టేషన్లో ప్యాసింజరు బండి ఎక్కించి వదిలాం. ఆమె ఒళ్ళో గుడ్డ సంచి, సంచిలో తిరిగొచ్చిన పార్సిల్. ధర్మవరంలో మగ్గం నేసుకునే తమ్ముడు నాగరాజుకు ఆమె తన చేతులతో కట్టి పంపిన పార్సిల్ అది. నాగరాజు పోయి ఇరవై రెండు రోజులైంది. స్నానాల గదిలో మూర్ఛ వచ్చి పడ్డాడు, నీళ్ళ తొట్టి అంచు తలకు తగిలింది. ఊరికి తెలిసింది మటుకు కాలుజారి పడ్డాడనే. పదకొండో దినం ముగించుకుని నీలావతి హిందూపురం చేరిన కొన్నాళ్ళకు పోస్ట్‌మ్యాన్ వచ్చి ఆ పార్సిల్ తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. పైన ఎర్ర సిరాతో ‘తీసుకోము అన్నారు’ అని రాసి ఉంది. కింద సంతకం తమ్ముడి భార్య మాధవిది. తారీకు చూస్తే నాగరాజు పోవడానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందుది.

ఆ తొమ్మిది రోజుల్లో నీలావతి రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ తమ్ముడు ‘అందిందక్కా’ అనే చెప్పాడు.

బండి పెనుకొండలో ఆగింది. నీలావతి దిగింది. మాధవి ఇప్పుడు ధర్మవరంలో లేదు. కూతుర్ని తీసుకుని పెనుకొండలో పుట్టింటికి వచ్చేసింది. ఆటోలో కూర్చున్నంతసేపూ నీలావతి సంచిని రెండు చేతులతో పట్టుకునే ఉంది. ఏమని అడగాలో నాలుగు రోజులుగా మనసులో అల్లుకుంటూనే ఉంది. అయితే ఒక చిక్కు. మాధవిని నిలదీయాలంటే ముందు ఆ పార్సిల్లో ఏముందో తనే నోరు తెరిచి చెప్పాలి. ఆరేళ్ళుగా చెప్పని మాట అది.

నీలావతికి నలభై రెండేళ్ళు. హిందూపురంలో పట్టుదారం తీసే చోట పని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వేడినీళ్ళలో ఉడికే పట్టుగూళ్ళలోంచి దారం కొస వెతికి పట్టుకోవాలి. ఆ నీళ్ళకు ఆమె వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా నానిపోయి ఉంటాయి. ఆ వేళ్ళతోనే ప్రతి నెలా మొదటి ఆదివారం తలుపు దగ్గరకు వేసుకుని, ఫిట్సు మాత్రల షీట్లు ముందు పెట్టుకుని, ఒక్కొక్క మాత్రనూ రేకులోంచి ఒత్తి బయటికి తీసేది. తీసినవన్నీ బలం మాత్రల ఖాళీ సీసాలో పోసేది. ఖాళీ షీట్లను పొయ్యిలో పెట్టేది. సీసా గలగల మనకుండా మేనకోడలికి కుట్టించిన గౌను ఒకటి చుట్టి, పైన గుడ్డ వేసి కుట్టేది. పోస్టాఫీసు కౌంటరులో ‘ఏముందమ్మా ఇందులో’ అంటే ‘పాప గౌన్లు సార్’ అనేది.

షీటు మీద మందు పేరు ఉంటుంది. పేరు చూస్తే ఏ మందుల షాపులోనైనా జబ్బు చెప్పేస్తారు. అత్తగారింట్లో ఎవరి కంటా పడకూడదు. ఆమె ఆలోచన అంతవరకే నడిచింది.

కొండ కింద వీధిలో ఈరన్న ఇల్లు. ముంగిట్లో వేరుశనగ చెట్లు పీకి తెచ్చి నడుమెత్తు కుప్ప వేశారు. అరుగు మీద కూర్చున్న ఈరన్న ఆమెను చూసి కండువా దులుపుకుంటూ లేచాడు.

“ఏమ్మా, ఫోనన్నా చెయ్యకుండా వస్తివే. రా, కూచో.”

“మాధవి యాడుండాది మామా?”

“పెరట్లో. చెనిక్కాయలు తెంపుతాంది. వద్దంటే వినదు. చేతికి ఏదో ఒక పని ఉండల్ల అంటాది. మొదట నీళ్ళు తాగు.”

నీళ్ళు తాగింది. గ్లాసు అరుగు మీద పెట్టి, ఇంట్లోంచి పెరట్లోకి నడిచింది. వేపచెట్టు నీడలో గోనెపట్ట పరుచుకుని, ముందు కొన్ని చెట్లు కుప్ప వేసుకుని మాధవి కూర్చుని ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల, ఈ మూడు వారాల్లో పదేళ్ళు మీద పడినట్టుంది. ఒక చేత్తో చెట్టు పట్టుకుని రెండో చేత్తో కాయలు తెంపి బుట్టలో వేస్తోంది. వదినను చూసి లేవబోయింది.

“కూచో,” అంది నీలావతి. సంచిలోంచి పార్సిల్ తీసి ఆమె ముందు, చెట్ల మీద పెట్టింది. “ఈ సంతకం నీదేనా?”

మాధవి చేతులు కొంగుకు తుడుచుకుంది. పార్సిల్‌ను ముట్టుకోలేదు. వంగి చూసింది.

“నాదే వదినా.”

కాదంటుందని, ఏడుస్తుందని, ఏదో ఒక సాకు చెబుతుందని నీలావతి అనుకుంది.

“ఎందుకు తిరగ్గొట్టినావు? నువ్వు తిరగ్గొట్టిన తొమ్మిది దినాలకు వాడు పాయె. అందులో ఏముండాదో తెలిసే చేసినావా, తెలీక చేసినావా?”

“తెలిసే చేస్తి. ఫిట్సు మాత్రలు.”

పెరట్లో కోడి ఒకటి కాయల కోసం కుప్పను కెలుకుతోంది. మాధవి మట్టిబెడ్డ విసిరి దాన్ని తరిమింది. నిలబడే ఉన్న నీలావతి గోనెపట్ట అంచున కూర్చుంది.

“వాడు చెప్పినాడా?”

“ఎవురు చెప్పల్ల? పెండ్లయిన తొమ్మిదో నెలలో నా కండ్ల ముందరే పడిపాయె. నాకు కాళ్ళు చేతులు ఆడలే. తెలివి వచ్చినంక నన్ను చూసి ఏడ్చె. మీ నాయనకు చెప్పొద్దు, నీకు తెలిసినట్ల మా అక్కకు అసలే చెప్పొద్దు, తెలిస్తే అక్క కుమిలిపోతాది అనె. సరేనంటి. మా అమ్మకు కూడా చెప్పలే.” మాధవి మళ్ళీ చెట్టు అందుకుంది. “నువ్వు చెప్తావని చూస్తి వదినా. పాప కడుపులో ఉన్నప్పుడు వస్తివి, పురుడప్పుడు వస్తివి, పండగలకు వస్తివి. నాకు తలదువ్వి జడేస్తివి. ఈసారన్నా చెప్తాదేమో, అమ్మాయీ వానికి ఇట్లుండాది, నువ్వు జాగ్రత్తగా చూసుకోవల్ల అంటాదేమో అనుకుంటాంటి. బలం మాత్రలు వాడు మరిచిపోకుండా ఏసుకుంటాండాడా అని మటుకు అడుగుతాంటివి.”

అవును, నీలావతి అలాగే అడిగేది.

“సరే. తెలుసు గదా,” అంది. “తెలిసి, మందెట్ల వెనక్కి పంపితివి?”

“అది మందుగా ఉంటే పంపకపోదును.”

మాధవి చెప్పడం మొదలుపెట్టింది. వినాయక చవితి అయిన వారానికి నాగరాజుకు ఒకే రోజు రెండుసార్లు వచ్చింది. రెండోసారి మగ్గం గుంతలో కూర్చుని ఉండగానే వచ్చి, నేసే చీర మీదే ముందుకు పడిపోయాడు. నాలుక కరుచుకున్నాడు. నేత చీర మీద రక్తం. మరునాడు మాధవి ఎవరికీ చెప్పకుండా సీసా కొంగులో దాచుకుని ధర్మవరం ఆస్పత్రికి వెళ్ళింది.

“డాక్టరమ్మ మూత తీసి కాగితం మీద పోసె. సగం మాత్రలు ఒకదానికొకటి అంటుకోని ఉండె. కొన్ని జిగటగా ఉండె, కొన్ని నలిగి పిండయి ఉండె. ఇవేం మాత్రలమ్మా అనె. ఫిట్సువి అంటి. పేరేమి అనె. తెలీదంటి. షీటు యాడ అనె. షీటు ఉండదు మేడం, మా వదిన ఇట్లే పంపుతాది అంటి. చీటీ అన్నా ఉండాదా అనె. అదీ లేదంటి. ఆయమ్మ తల పట్టుకునె.”

“ఏమనె?”

“ఈ రకం మాత్రలు రేకులో ఉన్నంతవరకే నిలుస్తాయంట వదినా. రేకు తీస్తే గాల్లో ఉండే తేమంతా గుంజుకుంటాయంట. ఇంక వాటిలో ఎంత పవరు మిగిలిందో ఎవురూ చెప్పలేరంట. ఒక మాత్రలో ఉంటాది, ఇంకో మాత్రలో ఉండదు. ఒకదినం ఏసుకున్నట్ల, ఒకదినం మానేసినట్ల. పోస్టులో రావడం తప్పు కాదంట. మందు షాపు అందుబాటులో లేనోళ్ళు తెప్పించుకుంటారంట. అయితే షీటుతోనే రావల్ల, డాక్టరు చీటీ ఉండల్ల, మందు ఎవురిదో వాళ్ళ పేరు రాసుండల్ల, ఎండలో వానలో పడిండకుండా మనిషి చేతికే అందల్ల. పార్సిల్లో ఏముండాదో పోస్టోళ్ళకే తెలీకపోతే, దాన్ని యాడ పెట్టల్లో వాళ్ళకెట్ల తెలుస్తాది అనె.”

నీలావతి తన వేళ్ళ వైపు చూసుకుంది. నిన్న సాయంత్రం దాకా నీళ్ళలో నానిన వేళ్ళు. ఆదివారాలు గుర్తొచ్చాయి. ఎంత తుడుచుకున్నా తడి ఆరని ఈ వేళ్ళతోనే ఒక్కొక్క మాత్రా పట్టుకుని తీసింది. ఒక్కటి కింద పడినా ఏరి, ఊది, కళ్ళకద్దుకుని సీసాలో వేసింది. వానాకాలంలో గౌను మీద గౌను చుట్టి పంపింది. ఆరేళ్ళు.

“ఈ యేడు ఎన్నిసార్లు వచ్చె వానికి?”

“పదకొండు సార్లు.”

“నాకు ఒక్కసారి కూడా చెప్పలే,” అంది నీలావతి. “ఎప్పుడు ఫోన్ చేసినా బాగుండాను అక్కా అనె. నీ మాత్రలు బాగా పని చేస్తాండాయి అనె.”

“నీకెట్ల చెప్తాడు? నిన్ను చూస్తే అమ్మను చూసినట్ల ఆయనకు. డాక్టరమ్మ కొత్తగా పరీక్షలు చేసి వేరే మాత్రలు రాసిచ్చె. షీట్లతో తెచ్చి గూట్లో పెడితి. ఆ నెల నువ్వు పంపింది అటక మీద పెడితిమి. నలభై దినాలు వదినా. నలభై దినాలు ఒక్కసారి కూడా రాలేదు. నేను పెండ్లి చేసుకున్నంక ఆయన అంత నిమ్మళంగా ఉండింది అప్పుడే. అక్కకు ఫోన్లో వద్దు, నేనే పోయి పక్కన కూచోని చెప్తా అనె. అంతలో నీ పార్సిలు మళ్ళా వచ్చె. ఆయన మగ్గంలో ఉండె. గడపలో పోస్టాయప్పకు నేనే సంతకం పెట్టి పంపిస్తి. ఇంట్లోకి పోయి చెప్తే ఒక గడియ సేపు మాట్లాడలే. అక్క మనసు కష్టపెడితివి గదే అనె. అంతే.”

“మరి ఎట్ల పాయె?” నీలావతి అడిగింది. ఇప్పుడు ఆ మాటలో నిలదీయడం లేదు. “నలభై దినాలు రానిది, ఎట్ల వచ్చె?”

మాధవి చేతులు ఆగిపోయాయి. చెట్టు వేర్ల మట్టిని గోటితో గీరింది.

“ఈ చెనిక్కాయలకే వస్తి నేను,” అంది. “పీకేదానికి కూలోళ్ళు దొరకలేదని నాయన ఫోన్ చేస్తే, పాపను తీస్కోని రెండు దినాలకని వస్తి. మొదటి దినం సాయంత్రం ఫోన్ చేసి అడుగుతి, మాత్ర ఏసుకుంటివా అని. ఏసుకున్యాలే అనె. రెండో దినం అడుగుతి. ఏసుకున్యాలే అనె. మూడోదినం పొద్దున పక్కింటోళ్ళు ఫోన్ చేసిరి.” ఊపిరి పీల్చుకుంది. “దినాలప్పుడు గూట్లో షీటు తీసి చూస్తి. నేను వచ్చేటప్పుడు ఎన్ని ఉండెనో అన్నే ఉండె.”

“ఎందుకు ఏసుకోలే?”

“తెలీదు వదినా. మరిచిపాయెనో. నీది తిరగ్గొట్టిందానికి మనసు ఒప్పలేదో. డాక్టరమ్మ దగ్గరికి పోయి అడుగుతి. ఏసుకున్నా ఒకొక్కసారి రావచ్చమ్మా, దాని గురించే ఆలోచన చెయ్యొద్దు అనె. ఎట్ల చెయ్యకుండా ఉండేది? నేను రాకుండా ఉంటే ఎదురుగా కూచోని మింగిస్తాంటి.” కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. “నీకు అందింది అనె, నాకు ఏసుకున్యా అనె. మనిద్దరికీ ఒకే తీరుగా చెప్పె.”

నీలావతి చేయి చాచి కుప్పలోంచి ఒక చెట్టు లాక్కుంది. కాయలు తెంపడం మొదలుపెట్టింది. వేళ్ళకు మట్టి అంటింది.

“అబద్ధం వానికి నేను నేర్పితి,” అంది తల ఎత్తకుండా. “వానికి పంతొమ్మిదేండ్లప్పుడు బెంగళూరు పెద్దాస్పత్రిలో చూపిస్తే ఒక చీటీ రాసిచ్చిరి. దానికి ప్లాస్టిక్ వేయించి పన్నెండేండ్లు అదే చీటీ షాపులో చూపించి తెస్తాంటి. మళ్ళీ చూపించల్ల అని వాడు ఒకటి రెండుసార్లు అనె. పెండ్లి కావల్సినోడివి, ఆస్పత్రుల్లో ఎవురన్నా చూస్తే ఎట్ల అంటి. పెండ్లయినంక, ఇంట్లో తెలుస్తాది వద్దంటి. వాడు నా మాట ఎప్పుడూ కాదనలే. ఒక్కసారి కాదనింటే బాగుండు.”

వెనక ఏదో చప్పుడైంది. నీలావతి తిరిగి చూసింది. పెరటి గుమ్మంలో ఈరన్న నిలబడి ఉన్నాడు. చేతిలో రెండు టీ గ్లాసులు. ఎంతసేపటినుంచి ఉన్నాడో, టీ మీద మీగడ కట్టి ఉంది.

“ఫిట్సా?” అన్నాడు. “మా అల్లునికి ఫిట్సు ఉండెనా?”

మాధవి లేచి నిలబడింది. “నాయనా...”

“జారిపడినాడు అని కదా నాకు చెప్తిరి. నేను ఊరందరికీ అదే చెప్తి.” గ్లాసులు పక్కనున్న రాతి మీద పెట్టాడు. కోపం కంటే ఎక్కువగా ముఖంలో ఏదో చిన్నబోయినతనం. “ఆరేండ్లు. నా బిడ్డ ఆరేండ్లు ఒక్కతే మోసింది ఇది. నాకు చెప్పింటే నేనేం చేస్తాంటి? ఇంటికి పిల్చకపోతాంటినా, బిడ్డను తీస్కవచ్చేస్తాంటినా? కూలోళ్ళు దొరకలేదని పిలిచినవాణ్ణి, ఆయన్ని ఒక్కణ్ణి వదిలిరాకూడదని తెలిసింటే పిలుద్దునా?”

నీలావతి లేచి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడింది. “తప్పు నాది మామా. పిల్లని ఏమీ అనొద్దు.”

“ఎవుర్ని ఏమనేది ఇంక? పోయినోడు పాయె.” ఈరన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు. “ఒక మాట అడుగుతా. ఇంకేమన్నా ఉండాదామ్మా? దాచిపెట్టింది ఇంకేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. ఇంకోసారి ఇట్ల గుమ్మంలో నిలబడి వినలేను.”

“లేదు మామా. ఏమీ లేదు,” అంది నీలావతి.

ఆ మాట అన్నప్పుడు ఆమె నిజమే అనుకుంది.

ఈరన్న తలూపి, గ్లాసులు మళ్ళీ తీసుకుని, వేడి చేసుకొస్తానని లోపలికి కదిలాడు. ఆయన పక్కనుంచి నాగరాజు కూతురు భాగ్యశ్రీ పెరట్లోకి వచ్చింది. ఐదేళ్ళది. చేతిలో బొరుగులతో చేసిన ఉగ్గాని ప్లేటు. అత్తను చూసి నవ్వి, వచ్చి ఆమె పక్కన గోనెపట్ట మీద చతికిలబడింది.

“అత్తా, గౌను తెస్తివా?”

“తెస్తి బంగారూ. ముందు తిను.”

పిల్ల స్పూనుతో బొరుగులు ఎత్తింది. నోటి దాకా తెచ్చింది. అక్కడ ఆగిపోయింది.

నీలావతి మొదట పట్టించుకోలేదు. తర్వాత చూసింది. స్పూను గాల్లోనే ఉంది. పిల్ల కళ్ళు తెరుచుకునే ఉన్నాయి కానీ ఎటూ చూడడం లేదు. రెప్పలు సన్నగా, వడివడిగా అదురుతున్నాయి. స్పూనులోని బొరుగులు రెండు మూడు ఒళ్ళో రాలాయి. పిల్లకు తెలియలేదు. ఐదు, ఆరు, ఏడు... నీలావతి తనకు తెలియకుండానే లోపల లెక్కపెడుతోంది. పన్నెండు దగ్గర పిల్ల కళ్ళలోకి చూపు తిరిగి వచ్చింది. ఏమీ జరగనట్టు బొరుగులు నోట్లో పెట్టుకుని నమలసాగింది.

“ఎప్పటినుంచి ఇట్ల?” నీలావతి అడిగింది.

“ఏంది వదినా?”

“ఇప్పుడు ఆగిపోయె గదా, తినేది.”

“ఓ, అదా. పరధ్యానం దానికి. రెండు నెలల నుంచి మరీ ఎక్కువైంది. పిలిస్తే పలకదు. ధర్మవరంలో టీచరు కూడా అనె, క్లాసులో కూచోని యాడో చూస్తాంటాదమ్మా అని. నాయన పోయినంక బెంగ పెట్టుకుంది.” మాధవి కూతురి ఒళ్ళో పడిన బొరుగులు ఏరింది. “పిల్లలు గదా.”

నాగరాజుకు ఏడో ఏట ఇలాగే మొదలైంది. పలక మీద బలపం పట్టుకుని ఆగిపోయేవాడు. పరధ్యానం అని అయ్యవారు చెవి మెలేశాడు. నీలావతి కూడా ఒకసారి వీపు మీద కొట్టింది. రెండేళ్ళ తర్వాత గాని అది ఏమిటో ఎవరికీ తెలియలేదు. తెలిసిన రోజే అమ్మ ఆమెను వంటింట్లోకి పిలిచి, తనకూ ఇదే ఉందని చెప్పి, ఎక్కడా నోరు జారొద్దని ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. సాయంత్రం బండికి హిందూపురం వెళ్ళిపోవచ్చు. మూడు వారాల కింద తండ్రిని పోగొట్టుకున్న పిల్ల, ఆ తల్లి, ఆ తాత. ఈ పూటకు వీళ్ళకు ఇంకొకటి అక్కర్లేదు.

పిల్ల ప్లేటు ఖాళీ చేసి అత్త కొంగుతో మూతి తుడుచుకుంది.

ఈరన్న టీ గ్లాసులతో వచ్చాడు. నీలావతి గ్లాసు అందుకోలేదు.

“మామా, ఇంకేమీ లేదంటి గదా. ఉండాది.”

ఈరన్న ఆమె ముఖంలోకి చూశాడు.

“పాపను ఈ పొద్దే డాక్టరు దగ్గరికి తీస్కపోవల్ల. ఎందుకో చెప్తా. మా అమ్మ నుంచి మొదలుపెట్టి చెప్తా. అంతా వినినంక నన్ను ఈ ఇంట్లోకి రానిస్తారో లేదో మీ ఇష్టం.”

మాధవి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. ఈరన్న గ్లాసులు కింద పెట్టాడు. ఏమీ అడగకుండా ఇంట్లోకి నడిచి, వీధిలోకి ఉన్న తలుపు మూయడానికి గడియ మీద చెయ్యి వేశాడు.

“తలుపు ఏసొద్దు నాయనా,” పెరట్లోంచి మాధవి అంది. “తెరిచే ఉండనీ. నువ్వు చెప్పు వదినా.”